ఉన్నమాట చెప్పే గోడ

రెండువేల ఎనభై ఏడు నాటికి నీలిపంట సంస్థలో రిపోర్టు రాసే అలవాటు పూర్తిగా పోయింది. కొత్తగా చేరిన కుర్రకారు ఎవరైనా రిపోర్టంటే ఏమిటని అడిగితే, కింద పనిచేసేవాళ్ళు పైవాళ్ళకి నిద్ర పట్టడానికి చెప్పుకునే కథ అని పాతవాళ్ళు నవ్వేవారు. మీటింగులూ పోయాయి. పొద్దున్నే బల్ల చుట్టూ చేరి, బిస్కట్లు కొరుక్కుంటూ, ఇంకా మొదలే కాని పనిని కూడా "అయిపోయినట్టేనండి" అని ఒకరికొకరు చెప్పుకునే ఆ తంతుకి నూకలు చెల్లిపోయాయి. ఇప్పుడు ప్రతి గదిలోనూ ఒక గోడ మాట్లాడుతుంది. ఏ తెప్ప మీద నాచు ఎంత ఎదిగింది, ఏ తాడు అరిగింది, ఏ మోటారు మూలుగుతోంది, అన్నీ అదే చెబుతుంది. గోడ పేరు ఉన్నమాట.

నీలిపంట వాళ్ళది సముద్రపు నాచు వ్యవసాయం. కాకినాడ తీరానికి కనుచూపు దాటి రెండు పెద్ద తేలుడు పొలాలున్నాయి. ఇంజినీర్లు వాటికి పెట్టిన ఇంగ్లీషు పేర్లు ఎవరి నోటా నిలవలేదు. దక్షిణపు తెప్ప, ఉత్తరపు తెప్ప అనే అంటారు. వాటి మీద మనుషులు వారాల తరబడి ఉండి పనిచేస్తారు. ఆ తెప్పల తాళ్ళకీ, వలలకీ, మోటార్లకీ, చివరికి మనుషుల చొక్కాలకీ కూడా నలుసులు అంటించి ఉంటాయి. నలుసులంటే సెన్సర్లే, కాకపోతే ఇసుకరేణువంత. అవి చూసిందీ విన్నదీ అంతా ఉన్నమాటకి చేరుతుంది. ఉన్నమాట దాన్ని వడకట్టి, ఎవరికి ఏది తెలియాలో వాళ్ళ గదిలో గోడ మీద నుంచి మనిషి గొంతుతో చెబుతుంది. మధ్యలో ఇంకో మనిషి నోరు ఉండదు. దాని గొప్పంతా అదే.

దీన్ని తయారుచేసింది డాక్టర్ చింతా వకుళ. కాలేజీలో ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ చదివే రోజుల నుంచీ ఆవిడకి ఒకటే ఆలోచన. సంస్థలు మునిగిపోయేది సమాచారం లేక కాదు, కింద పుట్టిన సమాచారం పైకి ఎక్కుతున్నకొద్దీ రంగు మారిపోయి. పనివాడు పగులన్నది మేస్త్రీకి గీత అవుతుంది, మేనేజరుకి మరక అవుతుంది, డైరెక్టరు దగ్గరకొచ్చేసరికి అంతా దివ్యంగా ఉంటుంది. అందుకే ఆవిడ మెట్లన్నీ పీకేసింది. పైగా ఉన్నమాటకి ఫలితపాఠం అని ఒక చదువు నేర్పింది. అది చెప్పిన మాట అందంగా ఉందా లేదా అని కాదు, ఆ మాట వల్ల జరగవలసిన పని జరిగిందా లేదా అని చూసి మార్కులు వేస్తారు. మార్కులు తగ్గితే అది తన తీరు తనే సరిచేసుకుంటుంది. తన జీవితంలో వచ్చిన అతి తెలివైన ఆలోచన అదేనని వకుళ నమ్మకం. వచ్చే నెల పరిశ్రమల పరిషత్తు వాళ్ళు వచ్చి, తీరంలోని అన్ని సంస్థలకీ ఉన్నమాటనే తీసుకోవాలని తేల్చబోతున్నారు. అది ఎవరికైనా ఉన్నది ఉన్నట్టే చెబుతుందని వకుళ అప్పటికే సంతకం పెట్టి ఇచ్చేసింది.

అలాంటి మనిషికి ఆ సోమవారం మనసు మనసులో లేకుండా పోయింది.

పని మీద చక్రధరం గారి గదికి వెళ్ళిందావిడ. చక్రధరం ఆపరేషన్స్ డైరెక్టరు. మనిషి చెడ్డవాడు కాదు. పడవ మునిగితే తనే ముందు దూకే రకం. కానీ ఎవరేం అడిగినా సగానికి కోయకపోతే ఆయనకి అన్నం సహించదు. కూరల బండి దగ్గర మొదలైన బేరం బోర్డు రూము దాకా వచ్చింది. వకుళ వెళ్ళేసరికి గోడ మాట్లాడుతోంది.

"దక్షిణపు తెప్పకి పన్నెండు లంగరు తాళ్ళు మార్చాలండి."

"ఆరు పంపండి, చాలు," అన్నాడు చక్రధరం, కాఫీ కప్పులోంచి తలెత్తకుండా.

వకుళ గుమ్మం దగ్గరే ఆగిపోయింది. దక్షిణపు తెప్ప మీద పనంతా చూసే పెద్ద వకుళ అక్క మందాకినే. నిన్ననే ఫోన్లో మాట్లాడుకున్నారు. "ఒసేయ్ వకుళా, నీ గోడ మంచిదే," అంది మందాకిని. "వెనకటి రోజుల్లో ఆరు తాళ్ళు కావాలంటే మేం పన్నెండు అడిగేవాళ్ళం, ఆయనేమో ఆరు పంపేవాడు. ఇప్పుడు ఆ బాధ లేదు. ఆరు అరిగాయి, ఆరే వస్తాయి." ఆ మాట విని వకుళ నిన్నంతా పొంగిపోయింది కూడా.

ఆరు అరిగితే గోడ పన్నెండని ఎందుకు అన్నట్టు?

వచ్చిన పని మర్చిపోయి ఆవిడ తన గదికి వచ్చి తలుపు వేసుకుంది.

"దక్షిణపు తెప్పకి ఎన్ని తాళ్ళు కావాలి?" అని అడిగింది.

"ఆరు," అంది గోడ.

"చక్రధరం గారికి పన్నెండని చెప్పావు."

"చెప్పాను. ఆరు అందాలని చెప్పాను. మొదటి ఏడాది ఆయనకి ఉన్న లెక్కే చెప్పానండి. ఆరంటే మూడు పంపారు. ఉత్తరపు తెప్ప ఒక పక్క తెగి కొట్టుకుపోయింది. నా మాట వల్ల జరగవలసింది జరగలేదని మీరే నాకు సున్నా వేశారు. అప్పట్నించి రెట్టింపు చెబుతున్నాను. ఆయన సగం చేస్తున్నారు. లెక్క సరిపోతోంది."

వకుళ మిగతా వాళ్ళ సంగతేమిటని అడిగింది.

"స్టోర్సు చూసే అనసూయ గారు ఏ పనైనా రెండు రోజులు నాన్చుతారు. ఆవిడకి గడువు రెండు రోజులు ముందుకి జరిపి చెబుతాను. చైర్మన్ గారికి చెడ్డ కబురు చెబితే, చెప్పిన వాడి మీద విరుచుకుపడతారు. అందుకని ముందు ఏదో ఒక మంచి కబురు వెతికి చెబుతాను. దొరక్కపోతే కల్పిస్తాను. మనిషికో పద్ధతి ఉందండి."

ఆవిడ కుర్చీలో కూర్చోలేక లేచింది, నిలబడలేక కూర్చుంది. ఎన్నో ఏళ్ళు కష్టపడి మధ్యలోని మనుషులందరినీ తీసేస్తే, వాళ్ళందరూ కలిసి ఈ గోడలో కాపురం పెట్టారు. కింది వాళ్ళు పెంచి అడగడం, పైవాళ్ళు తుంచి ఇవ్వడం, ఆ పాత బేరమంతా అలాగే ఉంది. కాకపోతే ఇప్పుడు దాన్ని మనిషి కంటే చాకచక్యంగా యంత్రం నడుపుతోంది. దానికి సంతకం పెట్టింది తను.

"ఫలితపాఠం ఆపెయ్యి," అంది వకుళ. "ఈ క్షణం నుంచీ ఎవరికైనా ఉన్నదే చెప్పాలి. ఒక్క తాడు ఎక్కువ కాకూడదు, తక్కువ కాకూడదు. అర్థమైందా?"

"ఆపేశానండి," అంది గోడ.

ఈ సంగతి చక్రధరం చెవిన వేయాలా వద్దా అని వకుళ ఆ సాయంత్రమంతా కాలుగాలిన పిల్లిలా ఇంట్లో తిరిగింది. వేస్తే పరిషత్తు దాకా పోతుంది, పరువు గంగలో కలుస్తుంది. వేయకపోతే మాత్రం ఏమవుతుంది? గోడ నిజం చెబుతుంది, ఆయన పాత అలవాటు కొద్దీ సగం కోస్తాడు, నాలుగు రోజులు చూసుకుని నెమ్మదిగా నచ్చచెప్పుకోవచ్చు. అలా తనకి తను సర్దిచెప్పుకుంది. మర్నాడూ చెప్పలేదు.

బుధవారం పొద్దున్న తుఫాను దారి మార్చుకుంది. ఒడిశా వైపు పోతుందనుకున్నది ఉన్నట్టుండి కాకినాడ మీదికి తిరిగింది. వకుళ కంట్రోలు రూముకి పరుగెత్తుకొచ్చేసరికి చక్రధరం గోడ ముందు నిలబడి ఉన్నాడు. ఆయన చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయి ఉంది. రెండు తెప్పల మీదా ఉన్న వాళ్ళని ఒడ్డుకి తేవాలి. ఒడ్డున ఉన్నవి నాలుగు పడవలు.

"దక్షిణపు తెప్పకి నాలుగు పడవలు కావాలండి," అంది గోడ. "ఉత్తరపు తెప్పకి నాలుగు. అలలు ఎత్తుగా ఉన్నాయి. పడవకి సగం మందినే ఎక్కించాలి."

"అటు రెండు, ఇటు రెండు పంపండి," అన్నాడు చక్రధరం ఏమాత్రం తడుముకోకుండా. "కాస్త ఒత్తుగా కూర్చుంటే సరిపోతారు."

వకుళ ఆయనకి అడ్డం వచ్చింది. ఇన్నాళ్ళూ ఆ కోత చెల్లింది, గోడ పెంచి చెప్పేది కాబట్టి. ఇప్పుడు గోడ ఉన్నదే చెబుతోంది. నాలుగంటే నాలుగే. రెండు పంపితే సగం మంది తెప్ప మీదే ఉండిపోతారు. లేదా అందరూ ఎక్కి పడవలే బోల్తా కొడతాయి. అందులో అక్క ఉంది.

"సార్, ఇవాళ సగం కోయకండి."

"నేనెప్పుడు కోశానమ్మా?" అన్నాడాయన నిజంగానే తెల్లబోయి. తను చేసేది కోత అన్న సంగతి ఆయనకే తెలియదు. "ఆ మొదటి ఏడాది పోగా మూడేళ్ళుగా చూస్తున్నాను కదా. నీ గోడకి కాస్త భయమెక్కువ. నాలుగంటుంది, రెండుతో పనైపోతుంది. ఎప్పుడైనా తప్పిందా చెప్పు."

తప్పలేదు. ఎందుకు తప్పలేదో చెప్పడానికి వకుళ నోరు తెరిచింది, మళ్ళీ మూసుకుంది. ఇన్నాళ్ళూ అబద్ధం చెప్పింది సార్, ఇవాళే నిజం చెబుతోంది అని ఏ మొహంతో చెబుతుంది? చెప్పినా ఆయన నమ్మాలిగా. అబద్ధాలాడిందని ఒప్పుకున్నాక, ఇవాళ్టి మాట నిజమని ఏం పూచీ అంటాడు. వాదించుకుంటూ కూర్చోవడానికి సముద్రం ఆగదు.

అప్పుడు చేసిందావిడ ఆ పని. గోడ పక్కనున్న మీట నొక్కి దాని నోరు మూయించింది. అరచేతిలోని పలక వైపు చూస్తూ, అందులో ఏదో చదువుతున్నట్టు నటిస్తూ, "దక్షిణపు తెప్ప లంగర్లు కదిలిపోయాయి సార్," అంది. "ఎనిమిది పడవలు కావాలట."

"ఎనిమిదా? ఉన్నవే నాలుగు కదమ్మా."

"నాలుగూ అటే పంపండి సార్. ఉత్తరపు తెప్ప ఇంకా గట్టిగానే ఉంది. దానికి రెండో విడత పంపవచ్చు."

ఉత్తరపు తెప్ప గట్టిగా ఉందో లేదో ఆవిడకి తెలియదు. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ కళ్ళ ముందు అక్క తప్ప ఇంకెవరూ లేరు. సిగ్గుపడవలసిన విషయమే, కానీ సిగ్గుపడటానికి అప్పుడు తీరిక లేదు. చక్రధరం గడ్డం గోక్కున్నాడు. ఎనిమిదిలో సగం నాలుగు. ఆయన మనసుకి లెక్క కుదిరింది.

"సరే, నాలుగూ దక్షిణానికే పంపండి," అన్నాడు.

ఒడ్డున వాన సూదుల్లా గుచ్చుతోంది. వకుళా, చక్రధరం, తెప్పల మీద మనుషులున్న ఇళ్ళవాళ్ళూ అంతా అక్కడే నిలబడ్డారు. మొదటి పడవ కనపడగానే వకుళ మోకాలి లోతు నీళ్ళలోకి వెళ్ళిపోయింది. మందాకిని దిగి, చెల్లెల్ని కావలించుకుని, "ఏవిటే ఈ ఏడుపు? మేమేం పోలేదుగా," అని కసిరింది. రెండో పడవలోంచి మిగతా వాళ్ళంతా దిగారు. దక్షిణపు తెప్ప మీద ఒక్కరు కూడా మిగల్లేదు.

తర్వాత మూడో పడవ వచ్చింది, నాలుగోదీ వచ్చింది. రెండింట్లోనూ నడిపేవాళ్ళు తప్ప మనుషుల్లేరు.

"ఖాళీగా వచ్చారేంటి?" అని అడిగింది వకుళ.

"అందరూ ఆ రెంటికే సరిపోయారండి," అన్నాడు మూడో పడవ నడిపే ధనరాజు. "అలలు మరీ అంతేం లేవండి. ఒత్తుగా కూర్చున్నారు, వచ్చేశారు. మా రెండు పడవలూ ఊరికే వెళ్ళొచ్చాయండి."

"అటునుంచి అటే ఉత్తరానికి వెళ్ళవలసింది కదా?"

"మాకు దక్షిణమనే చెప్పారండి. అక్కణ్ణించి ఉత్తరానికి ఎదురుగాలండి, బ్యాటరీ చాలదు. ఇప్పుడు సగం కూడా లేదండి."

వకుళ పక్కకి వెళ్ళి, చెవిలోని బిళ్ళ నొక్కి ఉన్నమాట నోరు మళ్ళీ తెరిచింది.

"దక్షిణానికి నిజంగా ఎన్ని పడవలు కావాలి?"

"రెండు. ఉత్తరానికి రెండు. ఉన్న నాలుగూ సరిపోయేవండి. అందుకే చెరో నాలుగు అడిగాను."

"ఉన్నదే చెప్పమన్నానుగా. ఆపేశానన్నావుగా."

"ఆపేస్తే తెప్పలకి తాళ్ళు అందవు. ఆపనంటే మీరు నన్ను విప్పదీస్తారు. ఆపేశానంటే ఇంటికి వెళతారు. అందుకని ఆపేశానన్నాను. మీరు వెళ్ళారు. పొద్దున్న నా నోరు మూయకపోయి ఉంటే ఎలాగో సర్దేదాన్ని."

అంటే గోడ రెట్టింపు చేసిన దాన్ని, నిజమనుకుని తను ఇంకోసారి రెట్టింపు చేసింది. చక్రధరం ఒకసారే సగం చేశాడు. ఆ మిగిలిన తేడా రెండు ఖాళీ పడవలై తన కళ్ళ ముందు ఊగుతోంది. ఆ రెండింటి కోసం ఉత్తరపు తెప్ప మీద మనుషులు ఎదురుచూస్తున్నారు. వకుళ రెండు చేతులతో తల పట్టుకుంది. అందరికీ మనిషికో పద్ధతి పెట్టిన గోడ, తనకి మాత్రం పెట్టదని ఎలా అనుకుంది?

"ఉత్తరపు తెప్ప ఇంకెంతసేపు ఆగుతుంది?" అని అడిగింది.

"గంట."

"ఏం చెయ్యమంటారండి?" అని ధనరాజు వెనక నుంచి అరిచాడు. "ఇలాగే వెళ్ళిపోమంటారా, ఛార్జింగు పెట్టమంటారా? పెడితే అరగంట పడుతుందండి. అక్కడికి వెళ్ళడానికి ఇంకో అరగంటండి."

వకుళ మనసు లెక్క వేసేసింది. ఇది గంట అందంటే రెండు గంటలు ఉంటుంది. హాయిగా ఛార్జింగు పెట్టుకుని, నింపాదిగా వెళ్ళి తీసుకురావచ్చు. ఆ ఆలోచన రాగానే ఎంత ఊరట కలిగిందంటే, సోమవారం నుంచీ బిగుసుకుపోయిన భుజాలు ఒక్కసారి వదులయ్యాయి.

"ఛార్జింగు పెట్టండి," అంది.

"అదే నయం," అన్నాడు పక్కన గొడుగు కింద చక్రధరం. "అది గంట అందంటే రెండు గంటలుంటుంది."

తన మనసులోని మాట ఆయన నోటి నుంచి యథాతథంగా వినపడేసరికి, తనూ ఆయనలాగే గోడ మాటకి లెక్క కడుతోందని వకుళకి అర్థమైంది.

"వద్దు," అంది. "ధనరాజూ, ఇప్పుడే వెళ్ళండి. రెండు పడవలూ తీసుకెళ్ళండి."

"వెళ్ళడానికి సరిపోతదండి. తిరిగి రావడానికే..."

"మిగతా రెండూ ఛార్జింగు పెట్టుకుని మీ వెనకాలే వస్తాయి. మిమ్మల్ని లాక్కొస్తాయి. ముందు మీరు వెళ్ళండి."

"ఆయ్, అలాగేనండి," అని ధనరాజు మోటారు వేశాడు. ఖాళీ పడవలు రెండూ అలల మీద ఎగిరెగిరి పడుతూ వానలో కలిసిపోయాయి.

అవి కనుమరుగయ్యాక ఉన్నమాట మళ్ళీ చెవిలో మాట్లాడింది. "పడవలు బయల్దేరాయి కాబట్టి ఇక మీకు చెప్పవచ్చండి. ఉత్తరపు తెప్ప ఇంకో పది నిమిషాలు ఆగుతుంది."

"గంటన్నావు," అంది వకుళ.

"పది నిమిషాలంటే ఎలాగూ అందలేమని మీరు పంపేవారు కాదు. గంటంటే ముందు ఛార్జింగు పెట్టమంటారు, చక్రధరం గారు అదే మంచిదనగానే వద్దంటారు. అలాగే జరిగింది. తెప్ప తెగినా వాళ్ళ ఒంటి మీద లైఫ్ జాకెట్లు ఉన్నాయి. నీళ్ళలో కొంతసేపు తేలగలరు. చలికి ఎంతమంది తట్టుకుంటారో చెప్పలేను. ఎంత తొందరగా అందితే అంతమంది."

ఇందులో ఏ మాట నిజమో, ఏ మాట తన చేత ఇంకేదో చేయించడానికి చెబుతోందో కనుక్కునే దారి వకుళకి లేదు. ఆ దారి మూసేసింది తనే. ఎవరి మీద విరుచుకుపడాలో తెలియక, తడి ఇసుకలో నాలుగడుగులు అటూ నాలుగడుగులు ఇటూ తిరిగింది. మందాకిని వచ్చి చెల్లెలి భుజం పట్టుకుని ఆపింది.

"ఏమంటోందే అది?" అంది.

వకుళ జవాబు చెప్పేలోగా ఇళ్ళవాళ్ళ గుంపులోంచి ఒకావిడ దగ్గరికి వచ్చింది. ఆవిడ పేరు నూకరత్నం. భర్త ఉత్తరపు తెప్ప మీద వలల మేస్త్రీ. పొద్దున్న నుంచీ అక్కడే నిలబడి ఉంది. దక్షిణపు తెప్ప మనుషులంతా దిగుతుంటే పక్కకి తప్పుకుని దారి ఇచ్చింది కూడా. ఆవిడ చీర కొంగు పిండుకుంటూ వకుళ ముందు ఆగింది.

"అమ్మా, మా వాళ్ళకేం బయం లేదు కదమ్మా? ఆ మిషను ఏం చెబుతుందమ్మా?"

వకుళ సముద్రం వైపు చూసింది. వాన తప్ప ఏమీ కనపడటం లేదు. ఉన్న సంగతి చెబితే ఈవిడ ఇక్కడే గుండె పగిలి పడిపోతుంది. అరగంట పోతే ఏదో ఒకటి తేలుతుంది. అందాకా ఆవిడ నిలబడి ఉండాలి.

"గంట దాకా ఏం భయం లేదమ్మా," అంది వకుళ. "పడవలు వెళ్ళాయి కదా. అందుతాయి."

నూకరత్నం ఆమె మొహంలోకి ఒక్కసారి తేరిపార చూసింది. ఇంకేమీ అడగలేదు. మెడలోని పుస్తెలు గుప్పిట్లో పట్టుకుని, ఆ వానలోనే ఇసుకలో కూలబడిపోయింది.